అవ్వ ఇల్లు, అత్తిల్లు

మా ఇంట్లో బాత్రూమ్‌కు ఒక వరస ఉంది. మొదట మామ, తర్వాత అవ్వ, ఆ తర్వాత స్కూలుకు పోయే నా కూతురు అమ్ములు, అందరిదీ అయ్యాక నేను. ఎవరూ కూర్చుని తీర్మానం చేసింది కాదు. వంటింట్లో పని ఉన్నవాళ్లు ఎలాగూ వంటింట్లోనే ఉంటారు కదా అని అదంతట అదే ఏర్పడింది, అదంతట అదే నడుస్తోంది. మామ అంటే నా మొగుడు ముత్తప్ప. మా అమ్మకు సొంత తమ్ముడు. మా హోసూరు వైపు అక్క కూతుర్ని చేసుకోవడం ఈరోజుకీ ఉంది, ఎవరూ వింతగా చూడరు. అవ్వ అంటే మా అమ్మను కన్న రంగమ్మ. ఇప్పుడు నాకు అత్త. పెళ్లిపీటల మీదే "ఇంక అత్తా అని పిలవాల" అన్నారు. పిలుస్తున్నాను. మనసులో మాత్రం ఆమె నాకింకా అవ్వే, నా కష్టమంతా అక్కడే ఉంది.

ఆ రోజు పొద్దున రాగిసంగటి కెలుకుతూ బాత్రూమ్ తలుపు వైపు చూస్తున్నాను. మామ లోపలికి పోయి చాలాసేపయింది. ఫోన్‌లో ఎవరో పకపకా నవ్వుతున్నారు. తలుపు కింద సందులోంచి సిగరెట్ పొగ వస్తోంది. నా కడుపులో మెలిపెట్టడం మొదలైంది. నాకు క్రోన్స్ జబ్బు. పేగులు లోపల వాచి పుండ్లు పడతాయి, నొప్పి వస్తుంది, ఒక్కోసారి రక్తం పోతుంది. ఈ జబ్బున్న మనిషికి వెళ్లాలనిపిస్తే వెళ్లాలి, ఆగడం ఉండదు. కానీ నేను ఆగుతాను. స్టవ్ ముందు ఒక కాలి మీద ఇంకో కాలు వేసి, పొట్ట మీద ఎడమచెయ్యి అదిమిపెట్టి, కుడిచేత్తో సంగటి కెలుకుతూ, నుదుటి మీద చెమట పట్టినా అది పొయ్యి వేడే అన్నట్టు మొహం పెట్టి ఆగుతాను. ఇన్నేళ్లలో ఆగడంలో నాకంత నైపుణ్యం వచ్చింది. అదేదో గొప్పని ఒకప్పుడు అనుకున్నాను కూడా.

ఉప్పు కోసం పక్కకు తిరిగితే అమ్ములు కనబడింది. పదమూడేళ్ల పిల్ల. యూనిఫామ్ వేసుకుని బాత్రూమ్ పక్క గోడకు ఆనుకుని ఉంది. ఒక కాలి మీద ఇంకో కాలు. పొట్ట మీద ఎడమచెయ్యి. కళ్లు మూసుకుని పెదవి కొరుక్కుంటోంది. తెడ్డు గిన్నెలోనే వదిలేసి దగ్గరికి వెళ్లాను.

"నొప్పా?"

"ఊ. తగ్గిపోతాది లే అమ్మా."

"ఎప్పటి నుండి?"

"ఎప్పుడూ వస్తాది. ఆపుకుంటే అదే పోతాది. స్కూల్లో కూడా పోను, ఆడ గలీజుగా ఉంటాది. ఇంటికొచ్చినాక పోతాను." కళ్లు తెరిచి నన్ను చూసి, నా భయం పోగొట్టాలని కాబోలు, నవ్వింది. "ఆడబిడ్డకు ఓర్పు ఉండాలని అవ్వ చెప్పింది కదా."

అప్పుడే మామ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఏమైందని అడిగితే చెప్పాను. లుంగీ సర్దుకుంటూ, ఏమాత్రం కోపం లేకుండా, బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అన్నాడు: "ఇంకేముంది. నీ జబ్బు దానికీ అంటించినావు." టిఫిన్ డబ్బా తీసుకుని జూజువాడికి వెళ్లిపోయాడు. ఆ ఊరి చెక్‌పోస్టు దగ్గర లారీల టైర్ల కొట్టు ఉంది ఆయనకు. ఆయన వెళ్లగానే అవ్వ భుజాన తువ్వాలు వేసుకుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది. అమ్ములు గోడకు అలాగే ఆనుకుని ఉంది, నేను పక్కన నిలబడి ఉన్నాను.

అంటించినావు. ఆ మాట నాతోపాటే ఫ్యాక్టరీ బస్సెక్కింది. బండ్లకు వేసే వైర్లను బోర్డు మీద పరిచి, కట్టగా కట్టి, టేపు చుట్టడం మా లైను పని. లైను ఆగకూడదు కాబట్టి మేము కదలాలంటే మా చోట నిలబడే మనిషి రావాలి. ఆమెను రిలీవర్ అంటారు. ఆమె వచ్చాక మెడలో పాస్ వేసుకుని పోవాలి. నేను చెయ్యి ఎత్తితే సూపర్‌వైజర్ శరవణన్ గడియారం చూడడు, నన్ను చూస్తాడు. "ఎన్నమ్మా భువనా, మళ్ళీనా?" అని తమిళం కలిపి అంటాడు. కొత్తగా చేరిన అమ్మాయిలు తల దించుకుని నవ్వుతారు. ఒకరోజు రిలీవర్ రాలేదు. ఆ రోజు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అప్పటినుంచి చంటిపిల్లకు కట్టినట్టు ప్యాడ్ కట్టుకుని పోతున్నాను. సిగ్గుగా ఉంటుంది. ఏ తప్పూ చేయకుండా పడే సిగ్గు ఇంకా ఎక్కువ మంట. ఆ రోజంతా టేపు చుడుతూ అదే ఆలోచించాను. నేను పడే ఈ బతుకంతా నా బిడ్డకు నేనే ఇచ్చానా? పాలతోపాటు ఇచ్చానా? కడుపులో ఉన్నప్పుడే పెట్టేశానా? చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మనసు మాత్రం ఒక్కచోట నిలవలేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేద్దామని ఫోన్ తీసి మళ్లీ లోపల పెట్టేశాను. నా పెళ్లి కుదిరినప్పుడు అందరూ నా అదృష్టానికి కుళ్లుకున్నారు. "దీనికేం మే, అవ్వ ఇంటికే కోడలు" అన్నారు. "మా అమ్మ దగ్గరికే కదా పోతాండావు, నాకేం దిగులు" అని మా అమ్మ నిజంగానే దిగులు లేకుండా పంపించింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఏడుస్తూ ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని అమ్మ అంది, "వాడు నా తమ్ముడు మే. వాడి మనసు నాకు తెలీదా? మా అమ్మను గురించి నాకే చెప్తావా?" నాకు పుట్టిల్లు లేదని ఆ రోజు అర్థమైంది. మా అమ్మకు ఉంది. ఆ ఇంటికి నేను కోడల్ని.

నన్ను చూసే డాక్టర్ మధుమిత కృష్ణగిరిలో ఉంటుంది. అమ్ములు సంగతి ఫోన్‌లో చెప్పగానే కొన్ని పరీక్షలు హోసూరులోనే చేయించి రిపోర్టులు పట్టుకుని రమ్మంది. "ఇంట్లో ఎవరెవరికి ఏమేం జబ్బులున్నాయో తెలిసినవాళ్లు ఒకరు రావాలి" అని కూడా అంది. అంతే, అవ్వ చీర మార్చుకుని తయారైంది. వంశం సంగతి తనకు తప్ప ఎవరికి తెలుసు అంది. అవ్వ వస్తోంది కాబట్టి మామ కూడా కొట్టు కుర్రాడి మీద వదిలేసి వచ్చాడు.

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సంటే నాకు ముందురోజు నుంచే ఉపవాసం. కడుపులో ఏమీ లేకపోతే ఏమీ జరగదు. దారిలో ఏ పెట్రోల్ బంకులో బాత్రూమ్ తెరిచి ఉంటుందో, ఏ హోటలువాడు టీ తాగితేనే తాళం ఇస్తాడో నాకు బాగా తెలుసు. మామిడితోటలు చూసేవాళ్లు చూస్తారు, నేను బోర్డులు చూస్తాను. ఆ రోజు ఇంకో పని కూడా పడింది. అమ్ములు మొహం చూడాలి. అది పెదవి కొరుక్కున్నప్పుడల్లా బస్సు ఆపించాలా అని కండక్టర్ వైపు చూసేదాన్ని. కొరుక్కోవడం ఆపితే ఓర్చుకుంటోందేమోనని ఇంకా భయం వేసేది.

డాక్టర్ ముందు అమ్ముల్ని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, రిపోర్టులు ఒక్కొక్కటే చదివింది. తర్వాత కాగితం తీసుకుని మా కుటుంబం బొమ్మ గీయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చతురస్రాలు.

"ఈ జబ్బు ఇంకెవరికైనా ఉందా అవ్వా?" అని అడిగింది.

"మా పక్క ఎవురికీ లేదమ్మా," అవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. "భువన నాయన పక్క నుండే వచ్చిండాల. మత్తూరోళ్ళు. ఆ కేశవప్ప వాళ్ళమ్మ ఎప్పుడు చూసినా కడుపు పట్టుకోనే ఉండేది."

కేశవప్ప మా నాన్న, మత్తూరు ఆయన ఊరు. మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. పాపం ఆమె ఎప్పుడు కడుపు పట్టుకుందో, అవ్వ ఎప్పుడు చూసిందో ఆ దేవుడికే తెలియాలి. డాక్టర్ గీస్తూ గీస్తూ ఆగింది. నా గుండ్రం నుంచి బయల్దేరిన గీత అమ్మ మీదుగా అవ్వ దగ్గరికి పోయింది. అవ్వ దగ్గర్నుంచి మామ మీదుగా మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

"అయితే మీ పక్కా, ఈమె పక్కా ఒకటే కదా అవ్వా?"

"ఒకటెట్లయితాదమ్మా? వాళ్ళు బిడ్డను ఇచ్చినోళ్ళు. మేము చేసుకున్నోళ్ళం." అవ్వకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

మామకు ఓపిక అయిపోయింది. "ఎట్లోకట్ల రక్తంలో ఉండేదే కదా డాక్టరమ్మా. వాళ్ళమ్మకుంది, దీనికొచ్చింది. రక్తంలో ఉండేది యాడికి పోతాది?"

"మీ పాపకు ఆ జబ్బు లేదు" అంది డాక్టర్. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "పేగుల్లో వాపు ఉన్నట్టు ఈ రిపోర్టుల్లో ఏమీ లేదు. రోజూ ఆపుకుని ఆపుకుని మలం గట్టిపడి నొప్పి వస్తా ఉంది. వాళ్ల అమ్మకు ఉంది కాబట్టి మిగతా పిల్లలకన్నా ఈ పాపకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, నేను లేదనను. కానీ వచ్చి తీరాలని లేదు. అచ్చం ఒకే పోలికలో పుట్టే కవలలు ఉంటారు చూడండి, వాళ్లకు జన్యువులన్నీ ఒకటే. అయినా ఒకరికి ఈ జబ్బు వచ్చి ఇంకొకరికి రానివాళ్లు చాలామంది ఉన్నారు. రక్తమే అంతా అయితే ఇద్దరికీ రావాల కదా?"

డాక్టర్ నా వైపు తిరిగి చెప్పింది. జన్యువులు పుట్టినప్పుడు వచ్చినవే, మారవు. కానీ వాటి మీద చిన్న చిన్న గుర్తులు పడుతుంటాయి. ఏ జన్యువు పని చేయాలి, ఏది ఊరికే ఉండాలి అని ఆ గుర్తులు చెబుతాయి. తినే తిండి, పీల్చే పొగ, చిన్నప్పుడు వాడిన మందులు, పేగుల్లో బతికే సూక్ష్మజీవులు, నిద్ర, ఎప్పుడూ బెదురుతో బతకడం, ఇవన్నీ ఆ గుర్తుల్ని మార్చగలవని పరిశోధన చేసేవాళ్లు అంటున్నారు. దాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. "ఇంకా తేలాల్సింది చాలా ఉంది భువనా. ఫలానా దాని వల్లే నీకు వచ్చిందని నేను వేలు పెట్టి చూపించలేను. మందులు మానితే కుదరదు. కానీ ఇది నువ్వు ఎవరికో అంటించింది కాదు, నీకు ఎవరో అంటించింది కూడా కాదు."

ఆ గుర్తుల సంగతి నాకు వెంటనే ఎక్కింది. మా లైనులో రెండు రకాల బండ్లకు ఒకటే వైర్ల కట్ట పోతుంది. అన్నిట్లో అవే వైర్లు. ఖరీదు తక్కువ బండికి పోయేదాంట్లో మాత్రం కొన్ని కొసలను వెనక్కి మడిచి టేపు చుట్టేస్తాం. వైరు లోపల ఉంటుంది, లైటు మాత్రం వెలగదు. ఏది మడవాలో, ఏది వదలాలో చెప్పే కాగితం పైనుంచి వస్తుంది. రోజూ నా చేతులతో చేసే పని నా ఒంట్లోనే జరుగుతోందా అనుకున్నాను.

"నీకు ఇది ఎప్పుడు మొదలైంది?" డాక్టర్ పెన్ను తీసుకుంది.

"పెళ్లయిన ఏడాదికి."

"అప్పుడు ఏం మారింది? ఊరు, నీళ్లు, తిండి?"

నేను నోరు తెరిచేలోపల మామ చెప్పేశాడు. "ఏమీ మారలేదు డాక్టరమ్మా. అది వాళ్ళవ్వ ఇల్లే కదా. చిన్నప్పుడు సెలవలు ఇస్తే ఆడే ఉండేది. అదే ఇల్లు, అవే నీళ్ళు, అదే సంగటి. ఏం మారింది?"

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఏమీ మారలేదని ఆయన నమ్మకం. అదే ఇల్లు. సెలవుల్లో నేను వెళ్తే ఎండ మొహం మీద పడేదాకా లేపేది కాదు అవ్వ. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి మొదట నాకే పెట్టేది. అది తిని నేను ఆడుకోవడానికి పోయాకే మిగతా వాళ్లకు. అదే ఇంట్లో, అదే గిన్నెలో, ఇప్పుడు నేను అడుగున మాడినది గీరుకుని తింటాను. పుల్లమజ్జిగ నాకు పడదని చెబితే "మా ఇంట్లో అందరూ తినేదే" అంటారు. పడుకోవడానికి అందరికన్నా వెనక, లేవడానికి అందరికన్నా ముందు. జ్వరమొస్తే ఒకప్పుడు పక్కన కూర్చుని విసిరిన అవ్వే "కోడలు పడుకుంటే ఇల్లు ఎట్ల నడుస్తాది" అని గుమ్మంలో నిలబడుతుంది. పరాయి ఇంటికి పోయి ఉంటే ఇది పరాయి ఇల్లు అని సర్దుకునేదాన్నేమో. కానీ నన్ను ముద్దు చేసిన మనిషే, ఆ చేతులే. నేనేం తప్పు చేశానో తెలియక ఎన్నేళ్లు వెతుక్కున్నానో! ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. అది గుర్తొచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"అవ్వా" అన్నాను. పెళ్లయ్యాక ఆ పిలుపు నోటి వెంట రావడం అదే మొదటిసారి. "అప్పుడు పెరట్లో రేకు తలుపు బాత్రూమ్ ఉండేది, గుర్తుందా నీకు? మామ లోపల ఉంటే నువ్వు చెంబు పట్టుకోని పోయి ఆ రేకు మీద కొట్టేదానివి. 'లెయ్ రా ముత్తా, బిడ్డకు అర్జంటు' అని అరిచేదానివి. మామ లుంగీ పట్టుకోని బయటికి పరిగెత్తేవాడు."

అవ్వ మొహం విచ్చుకుంది. "ఎందుకు గుర్తులేదు? వీడు తిట్టుకుంటా వచ్చేవాడు. నువ్వు కిందామీదా పడి నవ్వేదానివి." ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుతోనే, నాకు తెలియనిదేదో గుర్తుచేస్తున్నట్టు చెప్పింది. "అప్పుడు నువ్వు బిడ్డవి మే. ఇప్పుడు కోడలివి."

డాక్టర్ పెన్ను ఆగిపోయింది. ఏం మారింది అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, కానీ దాన్ని రాసుకోవడానికి ఆ కాగితంలో గుండ్రాలూ చతురస్రాలూ తప్ప చోటు లేదు. డాక్టర్ అమ్ములుకు మందు రాసి, నీళ్లు తాగాలి, వేళకు తినాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు, ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు అని చెప్పింది. నా ఫ్యాక్టరీకి లెటర్ ఇస్తాను, ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంది. ఇంట్లోనే అడగలేనిదాన్ని ఫ్యాక్టరీలో ఏం అడుగుతాను అని మనసులో అనుకుని, ఇవ్వండి మేడమ్ అన్నాను.

తిరుగు బస్సులో మామ, అవ్వ ముందు సీట్లో కూర్చున్నారు. "డాక్టర్లు ఏందో ఒకటి చెప్తారులే" అన్నాడు మామ. బిడ్డకు ఏమీ లేదని చెప్పారు కదా, అదే చాలు అంది అవ్వ. నాకు కూడా అదే చాలని అనిపించాలి. ఎందుకో కుదురుగా కూర్చోలేకపోయాను. చున్నీ కొస చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాను. అమ్ములు నా భుజం మీద తల పెట్టుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"అమ్మా."

"ఏం కన్నా?"

"నేను కూడా కోడలైనాక వస్తాదా?"

డాక్టర్ చెప్పిన జన్యువులు, గుర్తులు, కవలలు, అంతా అది విన్నది. విని, అన్నిట్లోంచి ఆ ఒక్కటే తీసుకుంది. నాకు అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టినది దానికి ఒక్క పూటలో అర్థమైపోయింది. రాదు అని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. వస్తుందేమో అని చెప్పడానికి నోరు లేదు. దాని తల మీద చెయ్యి వేశాను. ఓర్పు అనేది దీనికి ఎవరు నేర్పారు? అవ్వ చెప్పింది మాటలతో. స్టవ్ ముందు కాలి మీద కాలు వేసుకుని రోజూ చేసి చూపించింది నేను.

మర్నాడు పొద్దున మామ ఫోన్ తీసుకుని లోపలికి పోయాడు. తలుపు కింద నుంచి పొగ వచ్చింది. నేను సంగటి కెలుకుతున్నాను. అమ్ములు వచ్చి గోడకు ఆనుకుంది. కాలి మీద కాలు వేసుకుంది. నన్ను చూసి చెయ్యి పొట్ట మీద నుంచి తీసేసి వెనక్కి దాచుకుంది.

అది దాచుకోవడం నేను చూడలేకపోయాను. తెడ్డు వదిలేశాను. నీళ్ల బిందె మీద ఉన్న చెంబు తీసుకుని వెళ్లి బాత్రూమ్ తలుపు మీద గట్టిగా కొట్టాను.

"లెయ్ రా ముత్తా! బిడ్డకు అర్జంటు!"

ఫోన్‌లో నవ్వు టక్కున ఆగింది. మంచం మీద అవ్వ లేచి కూర్చుంది. నా మొగుడిని పేరు పెట్టి, రా అని పిలిచాను. అయినా మళ్లీ కొట్టాను. చెంబుకు సొట్ట పడింది.

తలుపు తెరుచుకుంది. మామ లుంగీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కన్నా ముందు వేరేదేదో వచ్చింది. ఒక్క క్షణం అచ్చం ఆ రేకు తలుపు తీసుకుని వచ్చిన కుర్రాడిలా కనిపించాడు. "ఏందే, ఏమన్నావు?" అన్నాడు.

"వినబడింది కదా మామా. జరుగు."

అమ్ములు మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి దూరి తలుపు వేసుకుంది. లోపల నుంచి నవ్వు వినిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నట్టుంది. అవ్వ తువ్వాలు భుజాన వేసుకుని లేచింది, తన వంతు కదా.

"అవ్వా, దాని తర్వాత నేను" అన్నాను. "నా తర్వాత నువ్వు."

అవ్వ ఏదో అనబోయి, చెంబు సొట్ట వైపు చూసి, మంచం మీద కూర్చుంది. స్టవ్ మీద సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. మామ నా వైపు చూశాడు, నేను వెళ్లి కెలుకుతానని. నాకు కడుపులో మెలి మొదలైంది. కాళ్లు దగ్గరికి చేర్చుకోలేదు, పొట్ట మీద చెయ్యి పెట్టుకోలేదు.

"తెడ్డు ఆడే ఉండాది మామా" అన్నాను. అమ్ములు తలుపు తీయగానే లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను.